ఊరి నుంచి ఊరికి నడిచిన పెట్టె

నారాయణఖేడ్ అంటే చాలామందికి బోరంచ నల్లపోచమ్మ గుడికి పోతూ బస్సు దిగే ఊరు. మొక్కున్నవాళ్ళు వెళ్తారు, చుట్టాలున్నవాళ్ళు వెళ్తారు. నేను మాత్రం ఆకాశం నుంచి పడ్డ ఒక థర్మాకోల్ పెట్టెను వెతుక్కుంటూ వెళ్ళాను. యూనివర్సిటీలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఈ మాట చెప్పగానే "అయితే విమానం నడుపుతావా?" అని అడగని మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. నడపను మహాప్రభో. గాల్లో ఉన్నప్పుడు రెక్క ఎంత వణుకుతుందో, ఎక్కడ పగులుతుందో లెక్క కట్టడమే మా చదువు. ఆ లెక్క కోసమే నేనూ, నా ప్రాజెక్టు జతగాడు ఇమ్రానూ కలిసి ఒక సన్నటి గ్లాస్ ఫైబర్ రేకును పెట్టెలో బిగించాం. పక్కన కదలికల్ని కొలిచే సెన్సార్, పెట్టె ఎక్కడుందో మాకు పంపే జీపీఎస్ పెట్టాం. కావలసిన అనుమతులన్నీ తీసుకుని, సంగారెడ్డి దగ్గర ఖాళీ మైదానం నుంచి వాతావరణ బెలూన్‌కి కట్టి పైకి వదిలాం. పైకి పోయాక బెలూన్ పగులుతుంది, పారాచూట్ విచ్చుకుంటుంది, పెట్టె దిగుతుంది. అందులోని మెమరీ కార్డే మా ప్రాజెక్టు. వేసవిలో వదిలిన మొదటి బెలూన్ సింగూరు నీళ్ళలో మునిగింది. "ఇదే ఆఖరు. ఇదీ పోతే మళ్ళీ వచ్చే ఏడాదే" అని మా సార్ ముందే చెప్పేశారు. టైఫాయిడ్ పుణ్యమా అని ఒక ఏడాది ఇదివరకే పోగొట్టుకున్నదాన్ని. ఇంకో ఏడాది పోతే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

శనివారం వదిలిన పెట్టె, సిగ్నల్ అందక, మూడు రోజులు ఆచూకీ లేకుండా పోయింది. మంగళవారం మధ్యాహ్నం కల్హేర్ దాటాక ఒకచోట, చేల మధ్య, మ్యాప్‌లో చుక్క వెలిగింది. ఇమ్రాన్ హాస్టల్ దద్దరిల్లేలా అరిచాడు. మర్నాడు చూస్తే ఆ చుక్క మూడు కిలోమీటర్లు జరిగి ఉంది. ఆ మర్నాడు ఇంకో మూడు. పొద్దున కదులుతుంది, గంటలోపే ఆగుతుంది, మళ్ళీ తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. ఆగిన చోట ఇల్లు లేదు, రోడ్డు లేదు. ప్రతిసారీ రెండు ఊళ్ళ మధ్య ఖాళీ చేలే. దొంగ అయితే ఒక్క పూటలో ఎక్కడికో ఎత్తుకుపోతాడు. వాగులో కొట్టుకుపోతోందంటే అటువైపు నేల ఎత్తు. కుక్కలు లాగుతున్నాయేమో అన్నాడు ఇమ్రాన్. రోజూ ఒకే సమయానికి డ్యూటీ ఎక్కే కుక్కలు ఎక్కడుంటాయి రా అని తిట్టాను. తిట్టాను గానీ, ఆ చుక్క బోరంచ వైపు అలా తిన్నగా పోతుంటే నాకు నిజంగానే భయమేసింది.

మిడ్ పరీక్షలు శుక్రవారం దాకా. సోమవారం రివ్యూ. మధ్యలో శనివారం ఒక్కటే చేతిలో ఉంది. ఇమ్రాన్ క్రికెట్ ఆడి కాలికి కట్టు వేయించుకున్నాడు కాబట్టి వాడు మ్యాప్ ముందు, నేను బస్సులో. పైగా బ్యాటరీ ఆ రోజు మధ్యాహ్నానికి అయిపోతుందని వాడి లెక్క. బ్యాటరీ అయిపోతే మాకు పెద్ద చిక్కు. రికార్డు ఆపే మీట నొక్కితేనే ఫైలు సరిగ్గా మూతపడుతుంది, దానంతటది చచ్చిపోతే వారం రోజుల రికార్డు మొత్తం గల్లంతు. ప్రోగ్రాం అలా రాసింది వాడు, చూసి సరేనన్నది నేను. వెతకడానికి తేలికగా ఉంటుందని ఒక బజర్ కూడా పెట్టాం. బ్యాటరీ నిండుగా ఉంటే పది సెకన్లకోసారి కూస్తుంది, తగ్గేకొద్దీ కూతకూ కూతకూ మధ్య ఎడం పెరుగుతుంది. పెట్టె మీద "ఇది హాని చేయదు, దొరికితే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాసి అంటించాం. అంతా ఇంగ్లీషులో రాశాం, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

లింగంపల్లిలో ఐదున్నరకు బస్సెక్కాను. సంగారెడ్డి, జోగిపేట, శంకరంపేట మీదుగా నారాయణఖేడ్ చేరేసరికి తొమ్మిదైంది. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం, మగవాళ్ళయితే రెండు వందలు దగ్గర పెట్టుకోండి. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే పొద్దుటి ఎండ మొహాన కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి. జోగిపేట దాటాక నేల నల్లబడుతుంది. పత్తి, కంది, కోత అయిన సోయా చేలు, గట్ల మీద తంగేడు పూలు. బతుకమ్మకు వారం ఉంది. ఎంత బాగుందో అని ఫొటోలు తీస్తూనే ఉన్నాను, ప్రతి ఫొటోకీ మధ్య చుక్క ఎక్కడుందో చూసుకుంటూనే ఉన్నాను.

బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో పూరీ, చాయ్ తీసుకున్నాను, యాభై రూపాయలు. పూరీలు వేయిస్తున్న పెద్దమ్మ చనువుగా పలకరించింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డ? బోరంచకా? మొక్కున్నదా?"

"మొక్కు కాదమ్మా. మా కాలేజీ పెట్టె ఒకటి అటువైపు చేలల్లో పడింది, తెచ్చుకుందామని."

ఆమె చేతిలోని జల్లిగరిటె ఆగిపోయింది. నూనెలో పూరీ మాడుతున్నా చూసుకోలేదు.

"గా ఏడ్చే పెట్టెనా?" అంది నెమ్మదిగా. "మీరే ఇడిసిండ్రా దాన్ని? ఆరు ఊర్లు దాటొచ్చింది బిడ్డ అది."

ఆరు ఊళ్ళు అని ఆమెకెలా తెలుసని అడిగేలోపే, పక్క బల్ల దగ్గర చాయ్ తాగుతున్న మనిషి లేచి నా దగ్గరికి వచ్చాడు. ముప్పై దాటినవాడు, ఖాకీ చొక్కా. పేరు శివరాజ్, బయట ఆటో అతనిదే.

"అది ఇప్పుడు మా ఊరి శివార్ల ఉన్నది మేడం. నేను తీస్కపోత. పోను రాను, ఆగుడు కలిపి ఆరు నూర్లు ఇయ్యి. కానీ ముందుగాల దవాఖాన కాడ జర ఆగాలె, మా అక్కకు టిఫిన్ ఇయ్యాలె."

సరేనన్నాను. శివరాజ్ దారిలో చెప్పిన సంగతితో పూరీ అరగకుండానే చేదైంది. పెట్టె దిగింది అతని అక్క అత్తగారి ఊరి చేలో. ముందుగా చూసింది అక్క కూతురు పూజ, ఎనిమిదేళ్ళది. పారాచూట్ తాళ్ళు పట్టుకుని పెట్టెను చేను నుంచి ఊరి దాకా మోసుకొచ్చింది. ఆ సాయంత్రమే జ్వరం పట్టుకుంది, ఇంకా తగ్గలేదు.

దవాఖానలో ఆడవాళ్ళ వార్డులో, సెలైన్ సూది గుచ్చిన చేయి పొట్ట మీద పెట్టుకుని ఉంది ఆ పిల్ల. నేనెవరో శివరాజ్ చెప్పగానే తల్లి లక్ష్మి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, పక్కకు జరిగి చోటిచ్చింది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

"అది ఇంకా ఏడుస్తున్నదా?" అని అడిగింది పూజ.

"ఏడుపు కాదురా, అది బజర్. ఇవాళ నేను తీసుకెళ్ళిపోతాను. మీ ఊళ్ళన్నీ దాటించేస్తాను, సరేనా?" అన్నాను. పెద్ద పెట్టె కదా, నువ్వెలా మోశావు అని కూడా అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నేనొక్కదాన్నే మొయ్యలే. ఇంకో దిక్కు ఎవరో పట్టిండ్రు. బరువే లేకుండె."

"జ్వరంల ఏదో అంటది మేడం" అంది లక్ష్మి వెంటనే. "అప్పుడు చేన్ల ఎవ్వరు లేరు." అప్పటికి నేను కూడా అలాగే అనుకున్నాను.

నారాయణఖేడ్ నుంచి బోరంచ దారి పట్టి, కొంతదూరం పోయాక మట్టిరోడ్డు మీదికి తిరిగాం. మొత్తం నలభై నిమిషాలు. వాన పడితే ఆ రోడ్డు మీద ఆటో రాదు, గుర్తుంచుకోండి. దారిలో శివరాజ్ నెమ్మదిగా అసలు విషయం విప్పాడు. పూజకు జ్వరం రాగానే వాళ్ళ ఊళ్ళో పెద్దలు పెట్టెను సాగనంపాలని తీర్మానించారట. ఊరికి రోగమొస్తే పూర్వం ఇక్కడ అలాగే చేసేవాళ్ళట. వేపకర్రకు వేలాడదీసి, ముందొకరు వెనకొకరు పట్టుకుని, ఊరి శివారు దాటించి హద్దురాయి దగ్గర పెట్టేస్తారు. మర్నాడు పొద్దున అవతలి ఊరివాళ్ళు ఎత్తుకుని వాళ్ళ శివారు దాటిస్తారు. మోసేవాళ్ళు పెట్టెను చేత్తో ముట్టరు, దారిలో మాట్లాడరు, వెనక్కి చూడరు. అలా ఒక ఊరి తర్వాత ఒక ఊరు, ఎవరూ ఎవరితో పోట్లాడకుండా, మా ప్రాజెక్టును నల్లపోచమ్మ దిక్కు నడిపిస్తున్నారు. మ్యాప్‌లో చుక్క ఎందుకు కదిలిందో తెలిసిపోయింది. తెలిస్తే భయం పోవాలి కదా, పోలేదు.

ఆటో ఆగగానే ముందు కూత వినబడింది. ల్యాబ్‌లో వందసార్లు విన్న చప్పుడే. కానీ ఆ మైదానంలో, గాలి కూడా ఆడని ఎండలో, సన్నగా సాగి ఆగిపోతుంటే నాకే ఏడుపులా వినిపించింది. హద్దురాయి పక్కన పెట్టె ఉంది. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, ఎర్రగుడ్డ చుట్టారు, వేపమండలు దోపారు, పారాచూట్‌ని చీరలా మడిచి కట్టారు. మేం అంటించిన కాగితం మంచుకు తడిసి, అక్షరాలన్నీ నీలిమరకలా కారిపోయాయి. అక్కడ పదిమంది దాకా ఉన్నారు, అందరూ దూరంగా. దగ్గరగా ఉన్నది సంగవ్వ ఒక్కతే. ఆ ఊళ్ళో పోచమ్మకు నీళ్ళు పోసే పెద్దావిడ.

నేను గడియారం చూసుకుంటూ కూతల మధ్య ఎడం లెక్కపెట్టాను. నలభై సెకన్లు. ఇమ్రాన్‌కి ఫోన్ చేస్తే, "ఇంక అరగంట కూడా ఉండదు, ముందు మూత తీసి మీట నొక్కు!" అని అరిచాడు. నేను పెట్టె వైపు రెండడుగులు వేశాను. సంగవ్వ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డ. ఇప్పితే దాని నోరు మూస్తది కద?"

"అవునవ్వా, అది ఆపాలి. ఆపకపోతే నా చదువు పోతుంది. ఐదు నిమిషాల పని."

"ఏడ్చినన్ని దినాలు దీన్ని నడిపియ్యాలె. ఎవ్వల శివార్ల నోరు మూస్తే ఆ ఊర్లనే కూసుంటది. నిన్నటి సంది దీని గొంతు తగ్గవట్టె. ఎత్తుదామంటే ఇయ్యాల ఒక్కడు ముందటికొస్తలేడు. భుజం మీద ఆగితే ఇంట్లకే వస్తదని అందరికి పరేషానీ."

"అవ్వా, అది మిషను. బ్యాటరీ అయిపోతోంది, అంతే."

"మిషనే గానీ. మిషన్ల వచ్చిందో, గాలిల వచ్చిందో మాకేమెర్క? వాగు దాటినంక ఎవ్వల శివారు గాదు, సర్కారు భూమి. గాడ పసుపు రాయి ఉన్నది. ఆడ పెట్టి నీ ఇష్టమొచ్చింది చేస్కో. నీదే కద, నువ్వే మొయ్యి."

వాగు కిలోమీటరు పైనే ఉంది. నాకు కోపం వచ్చింది, దాచుకోను. నాలుగేళ్ళ చదువు ఒక పెట్టెలో చచ్చిపోతుంటే నన్ను ఊరేగింపు చేయమంటారేమిటి అనిపించింది. అప్పుడు శివరాజ్ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "చెల్లె, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. నేను టెన్త్ దాకా చదివిన, బ్యాటరీ అంటే నాకెర్కే. కానీ నువ్వు ఈడ ఇప్పినంక రేపు పోరికి ఏమన్నయితే, మా అక్కకు నేనేం జవాబు చెప్పాలె?"

ఊళ్ళన్నీ దాటించేస్తానని ఆ పిల్లకు చెప్పింది నేనే. నోరు జారానో, నిజంగానే అన్నానో, అన్నమాట అన్నాను. ఇమ్రాన్ ఫోన్‌లో ఇంకా అరుస్తూనే ఉన్నాడు. కట్ చేశాను. ఇంకో చివర పట్టుకో అని శివరాజ్‌ని అడిగితే తల అడ్డంగా ఊపాడు. అతనిదీ ఆ ఊరే, భుజం మీద ఆగుతుందన్న భయం అతనికీ ఉంది. ఆటో వేసుకుని రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వాగు అవతలికి వస్తానన్నాడు. సంగవ్వ కర్రకు పెట్టెను కట్టి, నా చేతికి ఒక నిమ్మకాయ ఇచ్చి, "మాట్లాడకు, ఎనకకు సూడకు" అంది.

ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఇద్దరు మోయాల్సిన కర్రను ఒక్కరు భుజాన వేసుకుంటే, బరువు వెనక వేలాడుతుంది. కర్ర వెనక్కి ఒరిగిపోకుండా ముందు కొసను చేత్తో కిందికి నొక్కి పట్టాలి. ఆ నొక్కుడు కూడా భుజం మీదే పడుతుంది. అంటే నాలుగు కిలోల పెట్టె భుజానికి ఆరేడు కిలోలవుతుంది. మొదటి ఏడాది మెకానిక్స్ క్లాసులో మా సార్ (ఇప్పటి మా గైడు కూడా ఆయనే) ఇదే లెక్క చేయించారు. వస్తువును ఒంటరిగా గీసి, దాని మీద పనిచేసే ప్రతి బలానికీ ఒక బాణం గీయాలి. "బరువు ఎక్కడికీ పోదు. తగ్గిందంటే ఇంకెవరో మోస్తున్నారు. మీకు కనబడకపోయినా సరే, బాణం గీయాల్సిందే" అనేవారు. బాణం మర్చిపోతే సున్నా వేసేవారు. నాకు రెండుసార్లు వేశారు.

నడవడం మొదలుపెట్టాను. కోసేసిన సోయా చేను, మొదళ్ళు చెప్పుల కింద పటపటమంటున్నాయి. చుట్టూ మోకాలెత్తు మొక్క కూడా లేదు. కూత వినగానే అంకెలు లెక్కపెడుతున్నాను. నలభై అయిదు. యాభై. భుజం మండిపోతోంది, అయినా ముందు కొసను నొక్కి పట్టే ఉన్నాను. కూత ప్రతిసారీ వెనక నుంచి, సరిగ్గా నా మెడ వెనక నుంచి వస్తోంది. యాభై ఎనిమిది. సగం దూరంలో ఒంటరి కానుగ చెట్టు ఉంది, దాని కింద నిమిషం కూర్చోవాలనిపించింది, కింద పెట్టకూడదు కదా, అలాగే పోయాను.

చెట్టు దాటాక బరువు తగ్గింది.

ఏదో అలవాటు పడటం కాదు. ముందు కొస నా చేతిని పైకి తన్నడం ఆగిపోయింది. నొక్కి పట్టాల్సిన పనే లేదు, చేయి వదిలేసినా కర్ర నిలబడింది. భుజం మీద సగమే ఉంది. శివరాజ్ జాలిపడి వచ్చి పట్టుకున్నాడనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఎంత మంచివాడు అనుకున్నాను. మాట్లాడకూడదని గుర్తొచ్చి, మనసులోనే దండం పెట్టుకున్నాను. నా అడుగుకూ వెనక అడుగుకూ పొత్తు కుదరక కర్ర కొంచెం ఊగుతోంది, ఇద్దరు మోసినప్పుడు ఊగినట్టే. కానీ మొదళ్ళు నా కాళ్ళ కిందే పటపటమంటున్నాయి. వెనక చప్పుడు లేదు. అది గమనించాక వాగు మీదే చూపు పెట్టి నడిచాను. వెనక్కి చూడొద్దన్న మాట వల్ల చూడలేదని చెప్పుకోవచ్చు. అబద్ధం. చూసే ధైర్యం లేదు.

వాగులో మడమల లోతే నీళ్ళు. దాటి, పసుపు రాయి ముందు వంగి నా వైపు కొస నెమ్మదిగా దించాను. వెనక కొస కూడా దిగింది. పడలేదు, దిగింది. నిమ్మకాయ రాయి మీద పెట్టి అప్పుడు తిరిగాను. వాగు, చేను, కానుగ చెట్టు, చాలా దూరంగా హద్దురాయి దగ్గర చీమల్లా మనుషులు. మధ్యలో ఎవరూ లేరు. నా వెనక వాగు ఒడ్డు మెత్తటి ఒండ్రు మీద నా చెప్పుల గుర్తులు తప్ప ఇంకేం లేవు. ఎర్రగుడ్డ ముడి పళ్ళతో విప్పి మూత తీశాను. ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది, మినుకు మినుకుమంటూ. మీట నొక్కాను. దీపం రెండుసార్లు మెరిసి ఆరింది. ఫైలు మూతపడిందన్నమాట. అక్కడే కూలబడి, చిన్నపిల్లలా భోరున ఏడ్చాను.

పావుగంటకు శివరాజ్ ఆటో అటువైపు నుంచి వచ్చింది.

"నువ్వు నా వెనక వచ్చావా?" అని అడిగాను.

"నేనెట్ల వస్త చెల్లె? రోడ్డు మీద ట్రాక్టర్ అడ్డమున్నది, గిప్పుడే ఎల్లిన." నా మొహం చూశాడు. సీసాలో నీళ్ళిచ్చాడు, తాగమన్నాడు.

మధ్యాహ్నం బోరంచ గుడికి తీసుకెళ్ళమన్నాను. ఆ రోజు పెద్దగా జనం లేరు, పది నిమిషాల్లో దర్శనమైంది. ఏం మొక్కానో ఇక్కడ రాయను. గుడి దగ్గర జొన్నరొట్టె, పచ్చిపులుసుతో భోజనం దొరికింది, ఎనభై రూపాయలు, ఆకలి మీద ఉన్నానేమో అమృతంలా ఉంది. నాలుగున్నర బస్సుకు నారాయణఖేడ్‌లో ఎక్కి ఎనిమిదింటికి హాస్టల్లో దిగాను. పెట్టెను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. పసుపు నా చున్నీకంతా అంటింది, ఒకామె దండం పెట్టి జరిగి కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం శివరాజ్ ఫోన్ చేశాడు, పూజకు జ్వరం దిగింది, రొట్టె అడిగి తిన్నదట. వారం రోజుల మందు పనిచేసిందని నేనన్నాను. "అవును చెల్లె, మందే" అన్నాడు. అప్పటికే మా ముందు గ్రాఫ్ ఉంది. పైన చలిలో రేకు ఎలా వణికిందో పూసగుచ్చినట్టు వచ్చింది. ఇమ్రాన్ గెంతబోయి కాలు నొప్పితో కూర్చున్నాడు. కానీ సెన్సార్ దిగాక కూడా ఆగలేదు కదా. ఆదివారం నుంచి శుక్రవారం దాకా పెట్టెను మోసిన ప్రతి అడుగూ అందులో ఉంది. మనిషి నడకకు ఒక వేగం ఉంటుంది, గ్రాఫ్‌లో అదొక శిఖరంలా లేస్తుంది. ఆరు ఊళ్ళు, ఊరికి ఇద్దరు, ప్రతిచోటా రెండేసి శిఖరాలు, ఎవరి నడక వాళ్ళది. ఆఖరి ముక్క నాది. కానుగ చెట్టు దాకా ఒక్కటే శిఖరం. ఆ తర్వాత రెండు. రెండోది నెమ్మదైన, తొణకని నడక. మధ్యలో ఏ ఊరి జతలోనూ ఆ నడక లేదు. మొదటి రోజు, పెట్టె నేలను తాకిన కాసేపటికి, చిన్నపిల్ల పొట్టి అడుగుల పక్కన మాత్రం ఉంది. అచ్చం అదే. ఇమ్రాన్ లాప్‌టాప్ మూసేసి, ఆ రాత్రి తన గదిలో పడుకోనని మిత్రుడి గదికి పోయాడు.

సోమవారం రివ్యూలో సార్ అన్నీ చూశారు, రేకు ఫలితాలకు తలాడించారు. ఊళ్ళ ముక్కలు చూసి ముచ్చటపడ్డారు. ఆఖరి ముక్క దగ్గర వేలు ఆగింది.

"ఇది మోసిందెవరు?"

"నేను సార్."

"రెండో మనిషి?"

నేను పక్క కాగితం ముందుకు జరిపాను. కర్రను గీశాను, పెట్టె బరువుకు కిందికి ఒక బాణం, నా భుజం దగ్గర పైకి ఒక బాణం, వెనక కొస దగ్గర పైకి ఇంకో బాణం. భుజం దగ్గరి బాణం పక్కన నా పేరుంది. వెనక బాణం పక్కన ఖాళీ. సార్ దాన్ని చాలాసేపు చూశారు. నేను అబద్ధం చెబుతున్నానేమోనని నా మొహం కూడా చూశారు. తర్వాత ఎర్రపెన్నుతో ఆ ఖాళీ పక్కన టిక్కు పెట్టి కాగితం తిరిగిచ్చేశారు.

నాలుగేళ్ళుగా బలాలకు బాణాలు గీస్తున్నాను, కానీ మోసేవాళ్ళ గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మా పెట్టెకు భయపడ్డ మనుషులు కూడా దాన్ని పగలగొట్టలేదు, పారేయలేదు, తడి నేల మీద పెట్టలేదు. ఒకరి భుజం నుంచి ఒకరి భుజానికి, పసుపు రాసి, జాగ్రత్తగా నడిపించారు. మేం భయపెట్టిన పిల్లకు అప్పటికింకా క్షమాపణ అయినా చెప్పలేదు. బతుకమ్మ సెలవుల్లో పోయి చెప్పొచ్చాను. మీరూ ఇలాంటి బెలూన్ వదలబోతుంటే ఒకే ఒక్క సలహా: పెట్టె మీద సంగతంతా తెలుగులో, నీళ్ళకు చెరగని రంగుతో, పెద్ద అక్షరాల్లో రాయండి. మా మూడో పెట్టె మీద ఇలా రాశాం: "ఇది కాలేజీ పిల్లల పెట్టె. భయపడకండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి, వచ్చి తీసుకెళ్తాం." ఇమ్రాన్ అంతటితో ఆపేశాడు. కింద ఇంకో వరుస నేను చేర్చాను: "మోసినవాళ్ళు ఎవరైనా సరే, మీకు మా దండం."